తాళం వేసిన గది వద్దు – జిల్లాకో ఆసరా ఇల్లు కావాలి



ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్లో కొందరికి పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఇల్లు తలకిందులవుతుంది. తల గోడకేసి కొట్టుకుంటారు. చేతులు కొరుక్కుంటారు. అమ్మ జుట్టు పట్టి లాగుతారు. తలుపు తెరిచి ఉంటే రోడ్డెక్కుతారు. ఎదిగిన కొడుకును ఆపే బలం తల్లికి చాలదు. బడివాళ్లు రేపటి నుంచి పంపొద్దంటారు. ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. చివరికి గదిలో పెట్టి తాళం వేయడమో, మత్తుగా పడి ఉండేలా మందులు వేయడమో మిగులుతుంది.

ఈ పిల్లలది పొగరు కాదు. మాట రాని పిల్లకు పిప్పిపన్ను సలిపినా, మలబద్ధకంతో కడుపు నొచ్చినా, నెలసరి నొప్పి వచ్చినా చెప్పుకునే దారి ఇలా కొట్టుకోవడం, కొరకడం ఒక్కటే. కుక్కర్ విజిల్ భరించలేక ఒకడు అరుస్తాడు. చేతకాని పని తప్పించుకోవడానికి ఇంకొకడు పళ్లెం విసురుతాడు. అందుకే తెలిసిన నిపుణులు గొడవకు ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత మనమేం చేశాం అని కొన్నాళ్లు రాయిస్తారు. కారణం దొరికాక పన్నుకు వైద్యం చేయిస్తారు, చప్పుడు తగ్గిస్తారు, బొమ్మ చూపించి 'నొప్పి', 'చాలు' అని చెప్పడం నేర్పుతారు. దెబ్బ భయాన్ని నేర్పుతుంది గానీ అడగడం నేర్పదు.

ఈ పని రాత్రింబవళ్లు సాగాలి. నిద్ర లేని తల్లి ఒక్కతే చేయలేదు. నెలకు తెలంగాణలో 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయల దివ్యాంగుల పింఛను ఖర్చులకు ఆదుకుంటుంది. రాత్రి కాపలాకు మనిషిని మాత్రం తేలేదు. వసతితో కూడిన సాయం అందాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 5వ సెక్షనే చెబుతోంది. శిక్షణ ఇచ్చేవాళ్లు లేరనడానికీ వీల్లేదు. బుద్ధిమాంద్యం కోసమే 1984లో పెట్టిన జాతీయ సంస్థ మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది.

మా డిమాండ్లు:

1. ప్రతి జిల్లాలో ఎనిమిది మందికి మించని ఆసరా ఇల్లు ఉండాలి. అమ్మాయిలకు వేరుగా ఉండాలి. వందమందిని కుక్కిన హాస్టల్లో గోలే ఈ పిల్లల్ని రెచ్చగొడుతుంది.

2. వారం నుంచి కొన్ని నెలల దాకా పిల్లల్ని ఉంచుకోవాలి. తిరిగి ఇంటికి పంపే ఏర్పాటు చేరిన రోజే మొదలుకావాలి. తల్లిదండ్రులకూ శిక్షణ ఇవ్వాలి.

3. చేరగానే పళ్లు, చెవులు, కడుపు, మూర్ఛ పరీక్షలు చేయించాలి.

4. కట్టేయడం, ఒంటరిగా బంధించడం నిషేధించాలి. ప్రమాదం తప్పించడానికి పట్టుకోవాల్సి వస్తే అదే రోజు రాసి తల్లిదండ్రులకు తెలపాలి. బాలల సంరక్షణ సంస్థ ఉద్యోగి పిల్లల్ని హింసిస్తే ఐదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష వేయొచ్చని 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ చెబుతోంది. దాన్ని అమలు చేయాలి.

5. ఆయాలకు శిక్షణ, నెలనెలా జీతం ఇవ్వాలి. తల్లిదండ్రులు ఏ వేళ వచ్చినా లోపలికి రానివ్వాలి.

కన్నపిల్లల్ని వదిలించుకుంటున్నారని కొందరు అంటారు. కొన్నాళ్ల సాయం అందితే ఆ బిడ్డ బతుకంతా ఇంట్లోనే ఉండగలడు. అందకపోతేనే కుటుంబం చెదిరిపోతుంది.

బిడ్డ వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ నకలు, ఈ కరపత్రం పట్టుకుని వచ్చే సోమవారం కలెక్టరేట్‌కు రండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంట్లో ఇలాంటి బిడ్డ లేనివాళ్లు కూడా పక్కింటి తల్లికి తోడుగా నడవండి!

– మీ తోటి తల్లిదండ్రులు