మన గ్రంథసూచి ఎవరి చేతిలో ఉండవలెను?

విద్యాసంస్థకు గ్రంథాలయం ప్రాణం వంటిదైతే, గ్రంథాలయానికి గ్రంథసూచి కన్ను వంటిది. అల్మారాలో ఎంతటి అమూల్యమైన పుస్తకం ఉన్నా, అది ఉన్నదని పాఠకునికి తెలియకపోతే లేనట్లే లెక్క. ఉర్దూ, తెలుగు గ్రంథాలు పక్కపక్కనే కొలువుదీరిన మన వంటి కళాశాలలో ఈ సూచి బాధ్యత మరింత పెద్దది. యాక్సెషన్ రిజిస్టరులోని వివరాలను కంప్యూటరులోనికి ఎక్కించవలెనన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు. అయితే అందుకు వాడే సాఫ్ట్‌వేర్‌ను గ్రంథాలయపు కంప్యూటరులోనే స్థాపించుకొనడమా, లేక ఇంటర్నెట్ ద్వారా బ్రౌజరులో తెరచి వాడుకొనడమా అన్నచోట వాదం మొదలవుతుంది. ఈ విషయమై నా ఆలోచనలను విద్యార్థి మిత్రుల ఎదుట, కళాశాల కమిటీ పెద్దల ఎదుట ఉంచుతున్నాను.

ముందుగా కంప్యూటరులో స్థాపించుకొనే పద్ధతిని చూద్దాం. దీనికి ఇంటర్నెట్‌తో నిమిత్తం లేదు. లైను తెగిన రోజున కూడా కౌంటరు వద్ద పుస్తకాల జారీ ఆగదు. సభ్యుల పేర్లు, చిరునామాలు మన గడప దాటి పోవు. ఇవి చిన్న లాభాలు కావు. కాని దీని లోపాలు మొదటి సంవత్సరం కనబడవు, పదవ సంవత్సరం కనబడతాయి. యంత్రం పాతబడుతుంది, దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాలం చెల్లుతుంది. విండోస్ 7కు 2020 జనవరిలోను, విండోస్ 10కు 2025 అక్టోబరులోను మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతును నిలిపివేసినది. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు అప్పటికి వ్యాపారంలో లేకపోతే, మన సూచి ఆ పాత పెట్టెలోనే బందీ అవుతుంది.

ఈ బందిఖానా మన రెండు భాషలకూ కొత్త కాదు. తెలుగు అచ్చుపనికి అను ఫాంట్లు, ఉర్దూ అచ్చుపనికి ఇన్‌పేజ్ చేసిన సేవ మరువరానిది. కాతిబు కలపు సొగసును నస్తాలీఖ్ అక్షరాలలో కంప్యూటరు తెరపైకి తెచ్చిన ఘనత ఇన్‌పేజ్‌కు దక్కుతుంది. అయినప్పటికీ ఆ పాత పద్ధతిలో కూర్చిన తెలుగు పుటను ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులే దర్శనమిస్తాయి. అక్షరం మనదే గాని తాళంచెవి మనది కాకపోయెను.

సొంత ఇంటిలో ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లేనా? 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లపై దుండగులు దాడి చేసినారు. దాని గ్రంథసూచి తిరిగి పాఠకులకు ఆన్‌లైన్‌లో కనబడడానికి 2024 జనవరి వరకు పట్టినది. పాతబడిన సొంత వ్యవస్థలే పునరుద్ధరణకు పెద్ద అడ్డంకి అయినవనీ, క్లౌడ్‌పై నడిచే జీతాల వ్యవస్థ వంటివి యథావిధిగా పనిచేసినవనీ ఆ సంస్థ తన నివేదికలో స్వయంగా ఒప్పుకొన్నది.

అట్లని అంతా పరుల చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రపోదామా? 2021 మార్చి 10న ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బుర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థవారి డేటా కేంద్రం ఒకటి అగ్నికి ఆహుతి అయినది. వేరొక చోట ప్రతి దాచుకొనని ఖాతాదారులు కొందరు తమ సమాచారాన్ని శాశ్వతంగా కోల్పోయినారు. 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద హైదరాబాదుకు నేర్పిన పాఠమూ ఇదే: ఒకే చోట దాచినదానికి ఒకే గండం చాలును.

కనుక అసలు ప్రశ్న సాఫ్ట్‌వేర్ ఎక్కడ నడుస్తున్నదని కాదు, సమాచారం ఎవరి చేతిలో ఉన్నదని. ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన ఒక చిన్న గ్రంథాలయం కథ గమనింపదగినది. న్యూజిలాండులోని హోరోఫెనువా గ్రంథాలయ ట్రస్టువారి పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకొనలేని స్థితిలో ఉండెను. వారు 1999లో బ్రౌజరులో నడిచే కొత్త సాఫ్ట్‌వేర్‌ను రాయించుకొని, ఎవరైనా ఉచితంగా వాడుకొని మార్చుకొనేటట్లు లోకానికి విడిచిపెట్టినారు. దాని పేరు 'కోహా'. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం.

కోహాను కళాశాలలోని సొంత సర్వరుపై పెట్టుకొనవచ్చును. అప్పుడు బయటి ఇంటర్నెట్ తెగినా ప్రాంగణంలోని నెట్‌వర్క్‌పై జారీ సాగుతుంది. అది ఉన్నప్పుడు ఇంటివద్దనున్న విద్యార్థినికి కూడా సెల్‌ఫోనులో సూచి అందేటట్లు ఏర్పాటు చేయవచ్చును. సాఫ్ట్‌వేర్ మార్పులు ఒక్క సర్వరులో చేస్తే చాలును. ఇది యూనికోడ్‌లో పనిచేయడం వలన తెలుగు, ఉర్దూ శీర్షికలు రెండూ తమ తమ లిపులలోనే నిలుస్తాయి. ఈ మార్గమే మనకు మేలని నా నిశ్చితాభిప్రాయం.

అయితే ఉచితమన్నది వెలకే గాని శ్రమకు కాదు. సర్వరును కనిపెట్టుకొని ఉండే మనిషిని నియమించలేని పక్షంలో క్లౌడ్ సేవను ఆశ్రయించడమే వివేకం. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వారి 'ఈ-గ్రంథాలయ' కూడా నాలుగవ రూపంలో క్లౌడ్ బాట పట్టినది. దేనిని ఎంచుకొన్నా కమిటీవారు మూడు నియమాలను విధించవలెను. మొదటిది, సూచి మొత్తాన్ని గ్రంథాలయాలన్నీ గుర్తించే మార్క్ 21 రూపంలో ఎప్పుడైనా వెలికి తీసుకొనే హక్కు ఒప్పందంలో ఉండవలెను. రెండవది, నెలకొకసారి తీసిన ప్రతిని వేరొక భవనంలో ఉంచి, దానినుండి సూచి తిరిగి లేచునో లేదో పరీక్షించవలెను. మూడవది, అక్షరాలు ఎక్కించేవారికి తగిన శిక్షణ ఇప్పించవలెను. ఉర్దూలోని 'యే', అరబ్బీలోని 'యా' మాట నడుమ ఒకే తీరున కనబడినా యూనికోడ్‌లో వేర్వేరు గుర్తులు. అరబ్బీ కీబోర్డుతో ఎక్కించిన పుస్తకం ఉర్దూ కీబోర్డుతో వెదికేవారికి దొరకకపోవచ్చును. ఏ సర్వరూ ఈ లోపాన్ని తనంతట తాను దిద్దదు.

విద్యార్థులారా! అక్షరాలు ఎక్కించే పనిలో మీరూ చేయి కలపండి. ఉర్దూ తెలిసినవారు, తెలుగు తెలిసినవారు జంటగా కూర్చుంటే రెండు భాషల సూచీ చక్కగా సిద్ధమవుతుంది. కంప్యూటర్లు మారుతాయి, కంపెనీలు మారుతాయి. ఈ రెండు భాషల సంపద మాత్రం మన వద్దనే ఉండి, మన తరువాతి వారికి అందవలెను.