తరిమెన

మా మేనల్లుడు హైటెక్ సిటీలో ఉద్యోగి. పగలల్లా కంప్యూటరు ముందు కూర్చునేవాడు కాస్తా చిన్న లేతు ఒకటి కొని, కొండాపూర్‌లోని ఫ్లాటు బాల్కనీలో బిగించాడు. కొనేముందు, 2023లో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్‌కు వెళ్లి యంత్రాలు చూసి వచ్చాడట.

"ఆ డబ్బు కారుకు దాచుకోరాదట్రా?" అని మా అక్కయ్య గోల.

"ఇన్నేళ్లుగా చేసిందేదీ అరచేతిలో పెట్టి చూపించలేను, మామయ్యా" అన్నాడు వాడు. నాకు జవాబు తోచలేదు.

తెలుగు మేష్టరుని గనుక ఒక్క మాట. లేతు మనకు కొత్త కాదు. నిఘంటువులో దాని పేరు తరిమెన. ఏటికొప్పాకవారు అంకుడు కర్రను దానిమీద తిప్పే లక్కబొమ్మలు చేస్తారు. మావాడు కర్రకు బదులు ఇత్తడి పట్టాడు. ఉక్కుకంటె సులువుగా తెగుతుంది.

అయితే మొదటి పాఠం ఇంజను కాదు, వేళ్లు! చక్కు బిగించిన కీ తీయకుండా మీట నొక్కితే అది తూటాలా దూసుకొస్తుంది. చేతితొడుగులు, ఉంగరాలు, వదులు చొక్కాలు కూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

నెలకు బొటనవేలంత ఆవిరి ఇంజను తయారైంది. సిలిండరే అటూ ఇటూ ఊగి ఆవిరి దారిని తెరిచి మూస్తుంది. వేరే కవాటం అక్కరలేదు. తీరా చూస్తే కదలలేదు. పిస్టను బిగుతు! సన్నటి గరుకుకాగితంతో రుద్ది, కడిగి, నూనె వేసి, సైకిలు పంపుతో గాలి కొట్టాడు. చక్రం గిర్రున తిరిగింది.

అక్కయ్య కారు మాట మరిచిపోయింది. "ఏదీ, ఇంకోసారి కొట్టు!"