కిటికీకి సిలికాన్ పూసే ముందు...

వాన పడితే కిటికీ దగ్గర తడి కనిపించిందా? చాలామంది చేసే పని ఒకటే. సిలికాన్ ట్యూబు తెచ్చి, కనిపించిన ప్రతి సందులోనూ పూసేయడం. రెండు వారాలు హ్యాపీ. మూడో వారం మళ్లీ అదే తడి, ఈసారి ఇంకాస్త ఎక్కువ.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్ దగ్గర. ఇంటికి చెక్క కిటికీలు, ఒక్కోదానికి రెండేసి అద్దాలు, వాటి మధ్య సీల్ చేసిన ఖాళీ. చలికి బ్రహ్మాండం, వానకే చిక్కు. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ అడిగిన మొదటి మాట, "కిటికీ మీద సన్‌షేడ్ ఏదిరా?" అని. ఇక్కడి ఇళ్లకు అది దాదాపు ఉండదమ్మా! మన దగ్గర సన్‌షేడ్ కాసుకునే వానంతా ఇక్కడ కిటికీయే కాసుకోవాలి.

చూడ్డానికొచ్చినాయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు, అన్నీ పీకేసి ప్లాస్టిక్‌వి పెట్టించమని. ఆయన చెప్పిన రేటుతో మేం నలుగురం ఇండియా వెళ్లి రావచ్చు. అందుకే ముందు నేనే చూద్దామనుకున్నా.

మొదట తేల్చుకోవాల్సింది, అది వాన నీరేనా అని. చలికాలం పొద్దున్నే లోపలి అద్దానికి పట్టే చెమట ఇంట్లో ఆవిరే. వంట, స్నానం, గదిలో ఆరేసిన బట్టలు... టిష్యూతో తుడిస్తే పోతుంది. రెండద్దాల మధ్య మంచులా పట్టి, ఏ వైపు తుడిచినా పోకపోతే వాటి సీల్ పోయినట్టు. చెక్క బాగుంటే కిటికీ మార్చక్కర్లేదు, ఆ అద్దాల జత ఒక్కటి మార్పిస్తే చాలు. ఈ ముక్క అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు లెండి.

వాన పడ్డప్పుడే తడిస్తే అది లీకే. పొడిగా ఉన్న రోజు పైపుతో మెల్లగా నీళ్లు పట్టాలి, కింది నుంచి పైకి. లోపల ఒకరు టార్చి వేసి చూస్తుండాలి. ముందే పైన పోస్తే నీళ్లు అంతటా కారిపోతాయి, దొంగ దొరకడు.

మాకు దొరికిన దొంగలు ఇద్దరు. కిటికీ అడుగున బయటికి పొడుచుకొచ్చిన చెక్క ఉంటుంది కదా, దాని కింద సన్నటి గాడి తీసి ఉంటుంది. నీటిచుక్క గోడ వైపు పాకకుండా అక్కడే రాలిపోవడానికి. ఏళ్ల తరబడి వేసిన పెయింట్‌తో అది పూడిపోయింది. రెండోది, ఫ్రేమ్ అడుగున నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు. అద్దాన్ని పట్టి ఉంచే బీడింగ్ వెనక్కి కాస్త నీరు చేరడం మామూలే, తయారుచేసినవాళ్లకూ తెలుసు. అందుకే ఆ దారి పెడతారు. మాకు ముందున్నవాళ్లెవరో వాటికి శుభ్రంగా సిలికాన్ కొట్టేశారు! నీళ్లు పోయే దారి లేక చెక్క నానుతోంది, గదిలోకీ దిగుతోంది. పాత స్క్రూడ్రైవర్, టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చుంటే ఒక ఆదివారం పని.

ఒక బీడింగ్ మాత్రం స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మెత్తగా దిగింది. కుళ్లు. కొత్తది కోయించి, అన్ని వైపులా ప్రైమర్ కొట్టి, చెక్క బాగా ఆరాకే బిగించాను. సిలికాన్ అక్కడ అవసరమే, కాకపోతే 'న్యూట్రల్' అని రాసున్నదే కొనండి. వెనిగర్ వాసనొచ్చే రకం వద్దు. లిన్సీడ్ నూనె పుట్టీ అసలే వద్దు, ఆ నూనె అద్దాల జత అంచు సీల్‌ని తినేస్తుంది. సిలికాన్ మీద పెయింట్ నిలవదు కాబట్టి పెయింట్ పని ముందే కానివ్వాలి.

ఇక్కడ చదువుకుంటూ అద్దెకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఇదంతా నెత్తినేసుకోకండి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందాలకు 1985 నాటి చట్టం ప్రకారం కిటికీలతో సహా ఇంటి బయటి భాగాల రిపేరు ఓనర్ బాధ్యత. వాన పడుతుండగానే వీడియో తీసి, ఆ రోజే ఈమెయిల్ పెట్టేయండి.