మెట్లమీద నిలువబెట్టిన మనుష్యులు

జీవులు ఎట్లు మార్పుచెందెనో శాస్త్రజ్ఞులు పరిశోధింతురు గాక. ఆ పనిని నేను ఆక్షేపించుటలేదు. 1859లో డార్విను జంతువులనుగూర్చి, మొక్కలనుగూర్చి వ్రాసినది ఒకటి. ఆ పేరు చెప్పి మనుష్యులను మెట్లమీద నిలువబెట్టుట మరియొకటి. 1877లో మోర్గను అను అమెరికా పండితుడు మనుష్యజాతి యంతటికి అడవిస్థితి, అనాగరికస్థితి, నాగరికస్థితి అని మూడు మెట్లు కట్టెను. పై మెట్టున ఎవరు కూర్చుండిరో చెప్పవలెనా? మెట్లు కట్టినవారే!

ఆ మెట్లు మన మన్యమునకును వచ్చెను. రిజ్లీ దొర ముక్కుల వెడల్పునుబట్టి కులముల హెచ్చుతగ్గులు తేల్చజూచెను. చెన్నపట్టణపు మ్యూజియము అధికారి థర్‌స్టను దొరయు తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. ఇట్టి లెక్కలలో సవరలవంటి కొండవారికి దక్కినది అడుగుమెట్టే.

ఇప్పుడు శ్రీముఖలింగమువైపు చూడుడి. దాని దాపున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి సవరలయొద్ద కూర్చుండిరి. ముక్కు కొలుచుటకు కాదు, మాట వినుటకు. ఏండ్లతరబడి విని, 1931లో వారి భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఆ భాష క్రియలోనే కర్మను ఇమిడ్చి, మనము వాక్యముతో చెప్పుదానిని ఒక్క మాటతో చెప్పగలదు. వారి లెక్కలో పదమూడనగా పండ్రెండును ఒకటి; ముప్పదిమూడనగా ఇరువది, పండ్రెండు, ఒకటి. మన సంతలో నిలిచి ఆ లెక్కతో గబగబ కూడి చూడుడి, అడుగుమెట్టు ఎవరిదో తెలియును!

పక్షి ముక్కు పుట్టుకతో వచ్చును. భాషయు సేద్యమును పాటయు నేర్పగా వచ్చును. సవరబిడ్డ తెలుగింట పెరిగిన తెలుగే పలుకును. తెలుగు పంతులు సవర నేర్చెను గదా. ముక్కుకు చెప్పిన న్యాయము నాలుకకు ఎట్లు చెల్లును?

చరిత్ర ఎప్పుడును పైకే ఎక్కుననువారు ముఖలింగమునే అడుగవలెను. తూర్పుగాంగుల రాజధానియైన కళింగనగరము ఇదియేనని పలువురు చరిత్రకారుల నిశ్చయము. మధుకేశ్వరాలయములో వారి శాసనములు నేటికిని కలవు. స్థలకథ మాత్రము రాజులతో కాదు, సవరల ఇప్పచెట్టుతో మొదలగును. రాజులు కటకమునకు తరలిరి. నగరము వంశధార యొడ్డున పల్లెగా మిగిలెను. ఇది ఎక్కుటయా, దిగుటయా?

దొరలు పోయిరి గాని మెట్లు పోలేదు. దేవుడు అన్ని జనములను ఒక్కనినుండియే కలుగజేసెనని పౌలు ఏథెన్సులో బోధించిన సంగతి మనము చదువుదుము. చదివి వచ్చి, “కొండవాడు, వానికేమి తెలియును” అందుము. కొండసంఘముల వారు మహాసభలకు దిగివచ్చినప్పుడు చివరి చాపమీద కూర్చుండబెట్టి, మన కీర్తనలు నేర్పి పంపుచున్నాము. సవరలో ఒక పాట పాడుమని వారిని అడిగిన సంఘములెన్ని?