వేసవి పానీయము: బార్లీయు మామిడియు



కాలువలు కట్టివేసిరి. చెరువు అడుగంటుచున్నది. ప్రొద్దు పదునొకండు గంటలు దాటిన పిమ్మట మా శ్రీకాకుళము వీథులలో మనుష్యులు కానరారు. ఆంధ్రమహావిష్ణువు గుడి గోడనీడను కుక్కలు మాత్రము పరుండియుండును. కృష్ణయొడ్డున నున్న యూరే యైనను, ఇసుకతిన్నెల మీదుగా వచ్చు గాలి పొయ్యిముందర కూర్చున్నట్లే యుండును. ఇట్టి దినములలో ఇంటికి వచ్చినవారికి ముందుగా నేమి త్రాగనిత్తుమన్నది గృహిణికి చిన్న సంగతి కాదు. ఈ మాసము దానిని గూర్చియే వ్రాయుచున్నాము. ఇందులకు కారణము మా మరిది.

అతడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. ఏటేట వేసవిలో పదిదినములు వచ్చిపోవును. ఈసారి వచ్చిన మఱునాడే వంటయింటి గడపపై కూర్చుండి, ఫోనులో నొక బొమ్మ చూపినాడు. పొడుగుపాటి గ్లాసు, అందులో మామిడిపండు రంగు పానీయము, పైన తెల్లని నురుగు, అంచున నిమ్మబద్ద.

"ఇది బీరులో మామిడిరసం కలిపి చేసింది వదినా. ఎండకు ఎంత హాయిగా ఉంటుందో! సీసాలు నేను తెస్తాను. రసం మీరు తీసిపెడితే చాలు" అన్నాడు.

మేము వెంటనే బదులు చెప్పలేదు. ప్రక్కగదిలో అత్తగారు మినుములు చెరుగుచుండిరి. ఆ చేట చప్పుడు ఆగిపోయెను. మా పుట్టినింట మేనమామ యొకరు త్రాగుడువలన మూడెకరముల మాగాణి పోగొట్టుకొనిన సంగతి ఆమె యెఱుగును. మా యబ్బాయికి పదమూడేండ్లు. బాబాయి యేమి చేసిన అదియే వానికి వేదము. ఇంట వలదని చెప్పుట సులభమే. కాని వలదన్నచో మరిది స్నేహితులతో బందరు పోయి, అక్కడ త్రాగి, చీకటిలో మోటారు సైకిలుమీద కాలువగట్టు వెంబడి తిరిగి వచ్చును. నిరుడు అట్లే వచ్చెను. ఆ రాత్రి అతడు వచ్చువఱకు మేమును అత్తగారును అరుగుమీద కూర్చుండియుంటిమన్న సంగతి అతడు నేటికిని ఎఱుగడు.

చట్టములు చూచినాము. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు మొదలిడిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయు, 1995 జనవరి 16నుండి మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలెను. ఇప్పుడు మా గడపదగ్గఱ నిర్ణయము మాదే. అందుచేత, "రెండు రోజులు ఆగు నాయనా. ఆ గ్లాసులో ఉన్నదంతా మన ఇంట్లోనే అవుతుంది, ఒక్క మత్తు తప్ప" అంటిమి. అతడు నవ్వి ఊరకుండెను.

అటుపిమ్మట ఆ బీరన్న దేమో విచారించితిమి. దానికి మూలము బార్లీ. మన హోమములందు వాడు యవలే యవి. గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, నీటిలో నానిచి ఆ తీపినీటిని కాచి, చేదునకై హాప్స్ అను నొక తీగ పూలను వేసి, చల్లారిన పిదప ఈస్టు కలిపి పులియనిత్తురు. ఈస్టు చక్కెరను తిని, ఒకవంక మద్యసారమును, ఒకవంక బొగ్గుపులుసు వాయువును పుట్టించును. ఆ వాయువే నురుగు. పులియుట మనకు క్రొత్త కాదు; మన వైద్యగ్రంథములలో యవలను పులియబెట్టిన తుషోదకమున్నది, ద్రాక్షారిష్టమున్నది; ఇంతెందులకు, రేపటి ఇడ్లీపిండి యున్నది. ఇంగ్లండులో బీరున లెమనేడు కలిపి షాండీ యందురు. జర్మనీలో అట్టిదానికే రాడ్లరని పేరు. ఆ మాటకు సైకిలు త్రొక్కువాడని యర్థమట. మరిది చూపిన బొమ్మ వీనికి చెల్లెలు.

అయితే ఎండకు హాయి యన్న మాటను మాత్రము నమ్మకుడు. మద్యసారము మూత్రమును హెచ్చించి, ఒంటిలోని నీటిని వెలికి త్రోయును. నాలుకకు చల్లదనము, లోపల ఎండుదల. చెమట కాఱుచున్న మనిషికి కావలసినది నీరును, కొంచెము ఉప్పును, కొంచెము తీపియు.

మా మొదటి ప్రయత్నము చెడినది. దాచక చెప్పెదము. అల్లపు రసమున బెల్లమును నీటిని కలిపి, గాజుసీసాలో పోసి, బిరడా బిగించి, వంటయింటి మూల నుంచితిమి. ఇంగ్లీషువారి జింజరుబీరు ఇట్లే యగునని వినియుంటిమి. రెండవనాటి మధ్యాహ్నము ఆ సీసా పెద్ద చప్పుడుతో పగిలెను. గాజుపెంకులు బియ్యపుడబ్బాదాక ఎగిరినవి. అంతకు అయిదు నిమిషములు ముందు మా యబ్బాయి ఆ మూలనున్న బిందెలోనే మంచినీళ్ళు ముంచుకొని పోయియుండెను. చాలసేపటివఱకు మా చేతులు వణకుట మానలేదు. మా యింటివారు పెంకు లేరుచు, బడిలో నైనచో ఇది మంచి పాఠమగునని మాత్రమనిరి. మాకు నవ్వు రాలేదు.

కారణము స్పష్టమే. మన యెండలకు పులియుట వేగిరపడును. పోవుటకు దారిలేని వాయువు సీసానే పగులగొట్టుకొని పోవును. పైగా అట్లు పులిసినదానిలో కొంచెమైనను మద్యసారము చేరక మానదు. పులియునదేదియు గాజుసీసాలో బిగించి ఉంచవలదు. పిల్లలున్న యిండ్లలో బొత్తిగా వలదు.

ఆ సాయంకాలము మనస్సు కుదుటపడుటకై ఆముక్తమాల్యద తెఱచితిమి. అది మా యూరివారికి ఇంటిపుస్తకము వంటిది. కళింగ దండయాత్రకు పోవుచు శ్రీకృష్ణదేవరాయలు ఇచట హరివాసరమున ఉపవసింపగా, ఆంధ్రవిష్ణువు కలలో కనబడి ఆ కావ్యము రచింపుమనెనని అవతారిక చెప్పుచున్నది. అందు విష్ణుచిత్తుడు వేసవి యతిథులకు పెట్టు భోజనమున్నది. ముందు చందనపు పూత. పిదప నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెఱకురసము, కొబ్బరినీళ్ళు, పండ్లు, పరిమళమెక్కించిన చల్లని నీళ్ళు, ఊరిన పిందెలు, నీరుమజ్జిగ. వడకొట్టినవానికి వైద్యుడు చెప్పునదంతయు ఆ విస్తరిలోనే యున్నది. పలుచని అంబలి యన్నచోట మా కన్ను నిలిచెను. బార్లీతోనే అంబలి కాచి, పండురసము కలిపిన నేమి?

ఇప్పుడు చేయు విధము. ఇది అయిదాఱుగురికి సరిపోవును.

పొట్టుతీసిన బార్లీ 60 గ్రాములు కడిగి, లీటరున్నర నీటిలో గింజ మెత్తబడువఱకు, ఇంచుమించు ముప్పావుగంట, సన్నని సెగను కాచవలెను. దింపగానే దబ్బకాయ తొక్క బొటనవ్రేలంత వేసి మూతపెట్టి, అయిదు నిమిషములకు తీసివేయవలెను. దబ్బ దొరకనిచో నిమ్మతొక్కను లోపలి తెల్లపొరతో కూడ వేయవచ్చును. ఎక్కువసేపుంచిన కషాయమగును. మొదటిసారి మేమీ తొక్క వేయలేదు. మరిది ఒక గుటక త్రాగి, "బాగానే ఉంది వదినా. జ్వరం వచ్చినవాడికి ఇచ్చినట్టుంది" అన్నాడు. అతని నాలుక కోరినది మత్తొక్కటే కాదు, చేదు కూడనని అప్పుడు తెలిసినది.

పుల్లని పచ్చిమామిడికాయ పెద్దది ఒకటి ఉడికించి, గుజ్జు పిసికి, తురిమిన బెల్లము 150 గ్రాములు, అల్లపురసము రెండు చెంచాలు, ఉప్పు అరచెంచా చేర్చి, వడకట్టిన బార్లీనీటిలో కలిపి, మరల నొకసారి వడకట్టుడు. రసములు వచ్చు దినములలో కాయను సగమునకు తగ్గించి, నూజివీడు చిన్నరసములు రెండు మూడు పిండి, బెల్లము కూడ సగము చేయుడు. రంగు ఆ బొమ్మలోనిదానికి చాల దగ్గఱగా వచ్చును.

చల్లబఱచుటకు ఫ్రిజ్ ఉన్నవారికి మేము చెప్పనక్కఱలేదు. కరెంటు పోయిన మధ్యాహ్నములలో మాకు తడియిసుకపై మట్టికూజాయే దిక్కు. త్రాగునప్పుడు గ్లాసులో రెండుపాళ్ళు ఈ పానకము, ఒకపాలు సోడా. సోడాను చివరను, గ్లాసు వంచి, అంచువెంబడి మెల్లగా పోయవలెను. ముందే కలిపి పెట్టినచో నురుగు చచ్చును. తాటిముంజల ముక్కలు నాలుగేసి వేయుడు; ముంజను గ్లాసుమీదనే కోసిన లోపలి తీపినీరు వృథాపోదు.

ఉదయము చేసినది రాత్రికి ముగించవలెను. మఱునాటికి పులియ నారంభించును, మా సీసాకథ మరల మొదలగును. మధుమేహమున్నవారికి ఇది తగదు. గోధుమ బొత్తిగా పడనివారికి బార్లీయు పడదు.

శనివారము సాయంకాలము మరిది స్నేహితులు నలుగురు వచ్చిరి. మా యబ్బాయియే గ్లాసులందించెను. ముగ్గురు త్రాగి మరల నడిగిరి. నాలుగవ యబ్బాయి మర్యాదకు సగము త్రాగి, పని యున్నదని లేచి బందరు వెళ్ళిపోయెను. మిగిలినవారు పదిగంటల దాక పేకముక్కలతో అరుగుమీద గొడవచేసి, అక్కడే చాపలు పఱచుకొనిరి. మోటారు సైకిలు పందిరిక్రిందనుండి కదలలేదు. సెలవింకను ఆఱుదినములున్నది, ఆ ఆఱుదినముల మాట మేమేమియు చెప్పజాలము. బార్లీ మాత్రము మఱియొక కిలో తెప్పించితిమి.

వడకట్టగా మిగిలిన గింజలను పారవేయకుడు. పెరుగు కలిపి, ఉప్పు వేసి, ఆవాలు కరివేపాకు పోపు పెట్టిన, రాత్రి అన్నమునకు బదులగును. సీసా పగిలిన నాటినుండి మాతో ముభావముగా నున్న అత్తగారు ఆ శనివారము దానినే భుజించి, కంచము కడుగుకొనుచు, "మళ్ళీ ఎప్పుడు కాస్తావే అమ్మాయ్?" అని యడిగిరి.