లెక్కలోకి రాని పిల్లలు

పిల్లవాడికి రెండేళ్ళు నిండినవి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కావలసినదానిని వేలుతో చూపి అడగడు. బొమ్మకారు చేతికిస్తే తలక్రిందులు చేసి, గంటల తరబడి చక్రం త్రిప్పుతూ కూర్చుంటాడు. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయమ్మా" అని నాయనమ్మ ధైర్యం చెబుతుంది. ఆ ధైర్యంతోనే విలువైన ఏళ్ళు గడచిపోతాయి.

ఇటువంటి పిల్లలు ఎందరున్నారు? ప్రశ్న చిన్నదే, జవాబు మాత్రం చాలాకాలం దొరకలేదు.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించాడు. అదే ఆటిజం. 1966లో ఇంగ్లండులోని మిడిల్సెక్స్ ప్రాంతంలో విక్టర్ లాటర్ లెక్కించగా, 10,000 మంది పిల్లలకు నలుగురైదుగురు తేలారు. మన దేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి గుర్తించినది. అయినా 2011 జనాభా లెక్కల పత్రంలో దానికి ప్రత్యేకంగా ఒక గడి లేదు.

ఢిల్లీ నగరంలోని పెద్ద ఆసుపత్రులకు చుట్టుప్రక్కల రాష్ట్రాల నుంచి తల్లిదండ్రులు పిల్లలను తీసుకొని వస్తారు. కాని ఆసుపత్రి రిజిస్టరు వచ్చినవారినే లెక్కిస్తుంది. రాలేనివారి మాట దానికి తెలియదు. వారిని తెలుసుకోవాలంటే ఊళ్ళకే వెళ్ళాలి.

ఢిల్లీ కేంద్రంగా పనిచేసే ఇన్‌క్లెన్ సంస్థ పరిశోధకులు ఆ పనికే పూనుకున్నారు. దేశ రాజధాని ప్రాంతంలో భాగమైన హర్యానాలోని పల్వల్ మొదలు కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, మన హైదరాబాదు వరకు ఐదు చోట్ల, రెండు నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను దాదాపు 4,000 మందిని పరీక్షించారు. 2018లో ఫలితాలు వెలువడినవి. ఆటిజం సుమారు నూటికి ఒకరిలో కనిపించినది. అనగా, 300 మంది చదివే బడిలో ముగ్గురు!

లాటర్ నాటి అంకెతో పోల్చితే ఇది ఇరవై రెట్లు. దీనిని చూసి, వ్యాధి ఏదో ప్రబలినదని భయపడనక్కరలేదు. నాడు తీవ్రమైన లక్షణాలున్నవారినే లెక్కించారు. నేడు నిర్వచనం విస్తరించినది, వెదికే కన్నూ పదునెక్కినది. పెరుగుదలలో అధికభాగం దానివల్లనే.

ఆటిజాన్ని పట్టి ఇచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. పిల్లవాడిని ఆడించి, గమనించి, తల్లిదండ్రులను ప్రశ్నించి నిర్ణయించాలి. అందుకు శిక్షణ పొందినవారు కావాలి. ఎందరు కావాలో చెప్పగలిగేది ఆ అంకె ఒక్కటే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ పిల్లలకు కూడ వర్తిస్తుంది. అయితే గుర్తింపు లేనిదే ఆ హక్కు చేతికి రాదు.

పిలిచినా పలకని బిడ్డకు ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. వినికిడి బాగున్నదని తేలితే, అక్కడితో ఊరుకోక పిల్లల వైద్యునికి చూపాలి. నాయనమ్మ మాటే నిజమైతే సంతోషమే. కాకపోతే, ఆ బిడ్డకు ఒక్క ఏడాదైనా కలిసివస్తుంది.