కనిపిస్తే చాలదు, చదవగలగాలి

గణిత సూత్రాన్ని ఫొటో తీసి వ్యాసంలో అతికించడం మనవాళ్ళకు అలవాటైపోయింది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని వెతకలేం, తప్పుంటే దిద్దలేం. చూపులేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్, వివరణ రాయని బొమ్మ దగ్గర 'చిత్రం' అని ఊరుకుంటుంది. పాఠంలో అసలు విషయమే అతనికి అందదు.

పోనీ మామూలు అక్షరాల్లో కొడితే? ఇంకో చిక్కు. 2కి ఘాతం 10 వేస్తే 1024. కాపీ చేసేటప్పుడు పైనున్న 10 కిందికి దిగితే అది 210! '6 + 4 / 2' అని ఒకే వరుసలో రాస్తే జవాబు 8. మీ ఉద్దేశం మొత్తాన్ని 2తో భాగించడమైతే 5. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి; అంకె సరిగ్గానే ఉండి చోటు మారితే ఏమవుతుందో మాకెవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి మందు ఎప్పుడో వచ్చింది. తన పుస్తకం ప్రూఫుల్లో అచ్చు నచ్చక డొనాల్డ్ నూత్ 1977లో 'టెక్' తయారీ మొదలుపెట్టాడు. దాని ఆధారంగా 1980లలో లెస్లీ లాంపోర్ట్ 'లేటెక్' తెచ్చాడు. వెబ్ కోసం 1998లో 'మ్యాథ్ఎంఎల్' ప్రమాణం వచ్చింది. 2023 నుంచి క్రోమ్ బ్రౌజర్ కూడా దాన్ని నేరుగా చూపిస్తోంది.

అయితే పరికరం ఉంటే సరిపోదు, శుభ్రంగా రాయాలి. లేటెక్‌లో 'లాగ్'కి ప్రత్యేక ఆదేశం ఉంది. అది మానేసి ఉత్త మూడక్షరాలు కొడితే, మూడు చలరాశులను గుణించినట్టు అచ్చవుతుంది. భిన్నానికి భిన్నం ఆదేశమే వాడాలి, ఖాళీలతో నెట్టి సర్దకూడదు. సొంత పొట్టి ఆదేశాలు డజన్లకొద్దీ పెట్టుకుంటే రేపు ఇంకొకరు చదవలేరు. పొడుగు లెక్కను సమానం గుర్తు దగ్గర విరిచి, వరుసకొక మెట్టు చొప్పున రాయాలి.

"తెర మీద సరిగ్గా కనిపిస్తోందిగా, ఎందుకీ చాదస్తం?" అంటారు కొందరు. మొత్తం కుదిరిందని వోచర్లు చూడకుండా సంతకం పెట్టే ఆడిటర్‌ని మీరు ఒప్పుకుంటారా? ఎవరు చెప్పినా పరీక్షించాకే నమ్మమనే మనం, మన లెక్కను ఎవరూ పరీక్షించలేనట్టు రాస్తే ఎలా? సూత్రం మంత్రం కాదు, చూసి దణ్ణం పెట్టడానికి.

నూత్ తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి 2.56 డాలర్ల చెక్కు రాసి పంపేవాడు. మనం డబ్బు ఇవ్వనక్కర్లేదు. తప్పు పట్టే వీలు ఇస్తే చాలు.